చెంచాలో పోసి చూసుకున్న ఉప్పు

మైలాపూర్, చెన్నై

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

వంటల పుస్తకాల రచయిత్రి తర్లా దలాల్ గారి మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. చదివించే గుణం ఉంది నీ దగ్గర. కానీ 2007 నాటి పద్మశ్రీని మొదటి వాక్యంలోనే పెట్టేశావు. గెలుపు ముందే తెలిసిపోతే, ఆ తర్వాత ఆవిడ పడిన కష్టం మీద ధ్యాస ఎలా నిలుస్తుంది?

1966 నుంచి మొదలుపెట్టు. పుణేలో పుట్టి, పెళ్ళయ్యాక బొంబాయి వచ్చిన ముప్ఫై ఏళ్ళ ఇల్లాలు తన ఇంట్లోనే వంట క్లాసులు పెట్టారు. మొదటి పుస్తకం వచ్చింది 1974లో. టీవీ, వందకు పైగా పుస్తకాలు, అన్నీ ఆ తర్వాతే. మధ్యలోని ఎనిమిదేళ్ళు నీ వ్యాసంలో ఒక్క కామాతో దాటిపోయాయి. నాకైతే అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి ‘ఉప్పు తగినంత’ అంటే సరిపోదు. ఎంత అని అడుగుతారు.

నీ వయసులో నేనూ ఇలాగే పొరపాటు చేశాను. టి.నగర్‌లో ఒకావిడ ఉండేవారు, మనవాళ్ళే, నెల్లూరు వైపు. వంట ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, టీవీలో చేసి చూపించేవారు. నేను వెళ్ళిన రోజు చేపల పులుసు పెడుతున్నారు. ఉప్పు గుప్పిట్లోకి తీసుకుని, గిన్నె దాకా వెళ్ళిన చెయ్యి ఆపి, చెంచాలో పోసుకున్నారు. పైన వేలితో చదును చేసి, పెన్సిల్‌తో రాసుకున్నారు. చింతపండైతే తక్కెడలో వేశారు. ఎందుకండీ అన్నాను. “నిమ్మకాయంత అని చెప్పానమ్మా ఒకసారి. ఏ నిమ్మకాయ, నాటుదా పెద్దదా అని ఒకామె ఉత్తరం రాసింది” అన్నారు.

ఇంటికొచ్చి నాలుగు పేజీలు రాశాను. అన్నపూర్ణ అన్నాను, అమృతహస్తం అన్నాను. చెంచా లేదు, తక్కెడ లేదు. అచ్చయ్యాక చదివి ఆవిడ అన్నమాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది: “బాగుందమ్మా. నేను చేసే పని మాత్రం రాయలేదు.”

టీవీ గురించి కూడా ‘తెరపై వెలిగారు’ అని వదిలేయకు. పులుసు మరగడానికి పట్టే సమయం ప్రోగ్రాంలో ఉండదు. అందుకే పూర్తయిన పులుసు ఇంకో గిన్నెలో ముందే సిద్ధంగా ఉంచుకుంటారు. ఒక చెయ్యి పోపు మాడకుండా చూసుకోవాలి, నోరు మాట్లాడుతూనే ఉండాలి, ముఖంలో టెన్షన్ కనపడకూడదు. ఎవరూ నేర్పకుండా ఇదంతా ఒంటపట్టించుకోవడం చిన్న విషయం కాదు. ఎక్కడెక్కడ తప్పుతామో తామే తప్పి తెలుసుకున్నవాళ్ళు కాబట్టి, మనల్ని సరిగ్గా అక్కడే ఆపి చెప్పగలరు. తర్లా గారి వంటల్లో నువ్వు వెతకాల్సింది అదే.

ఒక పని చెయ్యి. ఆవిడ రాసిన వంట ఒకటి తీసుకుని, అక్షరం దాటకుండా వండు. మన అలవాటుకొద్దీ ఒక మిరపకాయ ఎక్కువ వెయ్యకు. ఎక్కడ ఆగి మళ్ళీ చదవాల్సి వచ్చిందో, ఏ మాట నిన్ను గట్టెక్కించిందో పక్కన రాసిపెట్టుకో. ఆ కాగితం చేతిలో ఉంటే వ్యాసం మధ్యభాగం దానంతటదే వస్తుంది.

ఆదివారం పొద్దున్నే వచ్చెయ్యి, ఇక్కడే వండుదువుగాని. కూరలు నేను తెచ్చి ఉంచుతాను. కొలత చెంచాలు మాత్రం మా ఇంట్లో లేవు, మర్చిపోకుండా తెచ్చుకో.

ఆశీస్సులతో,
అత్తయ్య