40 వేల హెల్మెట్ కొనాలా, చిన్నా?

చిరంజీవి చిన్నాకి పెదనాన్న ఆశీస్సులు.

జపాన్ హెల్మెట్ 40 వేలకి కొందామనుకుంటున్నానని మొన్న ఫోన్లో అన్నావు. మర్నాడే మీ నాన్న ఫోన్ చేసి, "బండే లక్షన్నర, దానికి 40 వేల టోపీ ఏంటన్నయ్యా, నువ్వయినా చెప్పు" అని నా ప్రాణం తీశాడు. ఇరవై ఆరేళ్లు మందుల కంపెనీ రెప్‌గా గుంటూరు, నరసరావుపేట, మాచర్ల రోడ్ల మీద తిరిగినవాణ్ణి కదా, నాకు తెలిసింది రాస్తున్నాను. ఇద్దరూ చదవండి.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. 2008లో నరసరావుపేట దాటాక, రోడ్డు మీద ఆరబోసిన మొక్కజొన్న గింజల మీద ముందు చక్రం జారి పడ్డాను. తల కుడిపక్క రోడ్డుకి కొట్టుకుంది. అప్పుడు నా నెత్తిన ఉన్నది 850 రూపాయల ఐఎస్ఐ హెల్మెట్. లేచి దులుపుకుని చూస్తే పైన నాలుగు గీతలు తప్ప ఏమీ లేవు. "గట్టిదే" అనుకుని ఇంకో ఎనిమిది నెలలు అదే పెట్టుకున్నాను. ఒకరోజు లోపలి గుడ్డ ఊడొస్తే, కింద థర్మోకోల్ కనిపించింది. కుడి చెవి పైన బొటనవేలు పట్టేంత గుంట, దాని పక్కనే బీట. దెబ్బకి అణిగిపోవడమే ఆ థర్మోకోల్ పని. తల ఒక్కసారిగా ఆగిపోకుండా, అది నలుగుతూ దెబ్బని తను తీసుకుంటుంది. ఒకసారి నలిగిన చోట మళ్లీ నలగదు. అంటే ఆ ఎనిమిది నెలలూ కుడిపక్కన నేను పెట్టుకుని తిరిగింది ఉత్త చిప్ప.

చూశావా, 850 రూపాయలది నన్ను కాపాడింది. మరి 40 వేలు ఎందుకంటే, ఎక్కువగా సుఖానికి. మామూలువాటికి పైపెంకు అచ్చులో పోసిన ప్లాస్టిక్. ఖరీదైనవాటికి ఫైబర్ పొరలు పేర్చి చేస్తారు. గాలి చప్పుడు తక్కువ, గాలి బాగా ఆడుతుంది, ముఖం ముందుండే అద్దం, అదే వైజర్, తుడుచుకోవాలంటే సులువుగా ఊడొస్తుంది, బరువు మెడ మీద పడదు. రోజూ రెండు వందల కిలోమీటర్లు హైవే మీద పోయేవాడికి ఇవన్నీ పనికొచ్చేవే. సాయంత్రానికి మెడ పట్టేసి ఆయింట్‌మెంట్ రాసుకున్న రోజుల్లో నా దగ్గర డబ్బుంటే నేనూ కొనేవాణ్ణి. నువ్వు మియాపూర్ నుంచి గచ్చిబౌలి వెళ్లొస్తావు, అందులో సగం సేపు సిగ్నళ్ల దగ్గరే నిలబడతావు. నీకెందుకురా అది?

ధర పెరిగినకొద్దీ రక్షణ కూడా అంతే పెరుగుతుందనుకోకు. బ్రిటన్‌లో ప్రభుత్వమే 2007 నుంచి షార్ప్ అనే పేరుతో హెల్మెట్లని పరీక్షించి నక్షత్రాలిస్తోంది. అక్కడ చవకవాటికి ఐదు నక్షత్రాలు, పేరున్న ఖరీదైనవాటికి మూడు వచ్చిన సందర్భాలున్నాయి.

అలాగని రోడ్డు పక్క దుప్పటి పరిచి అమ్మే 300 రూపాయలది కొన్నావంటే ఊరుకోను. ఐఎస్ఐ లేని టూవీలర్ హెల్మెట్ అమ్మకూడదని 2021 జూన్ 1 నుంచి రూలు ఉన్నా, దొంగ స్టిక్కర్లు ఇంకా తిరుగుతున్నాయి. గుర్తు దగ్గర సీఎం/ఎల్ అని ఒక నంబరు ఉంటుంది, దాన్ని ఐఎస్ఐ గుర్తు ఇచ్చే బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడు. ఐఎస్ఐతో పాటు యూరప్ వాళ్ల పరీక్ష గుర్తు ఈసీఈ 22.06 కూడా ఉంటే ఇంకా మంచిది. అందులో తల మెలితిరిగేలా ఏటవాలుగా కొట్టి కూడా చూస్తారు. ఎస్ఎంకే, యాక్సర్ లాంటి కంపెనీలవాటిలో రెండు గుర్తులూ ఉన్న మోడళ్లు నాలుగైదు వేలకి దొరుకుతాయి. నీకు అది చాలు.

ఆన్‌లైన్‌లో మాత్రం కొనకు, షాపుకెళ్లు. కనుబొమల పైనుంచి తల చుట్టూ టేపు పెట్టి కొలుచుకో. హెల్మెట్ పెట్టుకుని మాట్లాడితే బుగ్గ పంటి కింద పడేలా ఉండాలి. తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్ కూడా తలతో పాటే తిరగాలి. స్ట్రాప్ బిగించి, వెనక నుంచి పైకి లాగి చూడు, ఊడొచ్చిందంటే అది నీది కాదు. పావుగంట అలాగే పెట్టుకుని కూర్చో. షాపువాడు "వాడితే లూజవుతుంది సార్" అంటాడు. బుగ్గల దగ్గర బిగుతుకైతే అది నిజమే. నుదురు నొప్పి పుడితే మాత్రం నమ్మకు, ఆ మోడల్ ఆకారం నీ తలకి పడలేదన్నమాట. నల్ల వైజర్ కోసం మోజు పడకు, రాత్రి గుంతలు కనపడవు. లోపలి గుడ్డ ఊడదీసి ఉతుక్కునేది తీసుకో. మన ఎండలకి పది రోజుల్లో కంపు కొడుతుంది, ఆ వంకతో హెల్మెట్ నెత్తి మీంచి మోచేతికి దిగుతుంది.

ఇంకో మాట. మొన్న నువ్వు పెట్టిన ఫోటోలో వెనక కూర్చున్న కోడలి నెత్తిన ఉన్నది గిన్నెలాంటి టోపీ. చెవులు కూడా మూయడం లేదు. 40 వేలు పెట్టగలిగినవాడివి, ముందు ఆ అమ్మాయికి గడ్డం దాకా మూసే ఫుల్‌ఫేస్‌ది ఒకటి కొను. షాపుకి క్లిప్పు తీసేసి, జడ కిందికి వేసుకుని రమ్మను. కొప్పు మీద పెట్టి చూసుకుంటే సైజు తప్పుతుంది. ఇద్దరికీ కలిపి పది వేలలో అయిపోతుంది.

నా పాత హెల్మెట్ ఇంకా అటక మీదే ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు దింపుదాం. ఆ గుంటలో మీ నాన్న చేత బొటనవేలు పెట్టిస్తాను, ఆ తర్వాత పది వేల గురించి ఏమంటాడో విందాం.

మీ పెదనాన్న