నువ్వు నిలబడతానన్నావని విన్నాక

తల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో నువ్వు జూబ్లీహిల్స్ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడతానంటున్నావని చెప్పాడు. వాడి గొంతు వణికింది. నేను పైకి ధైర్యం చెప్పాను గానీ, ఫోన్ పెట్టేశాక రెండింటి దాకా నిద్ర పట్టలేదు. తెల్లారాక మీ పెద్దమ్మతో "మన ఇంటి పిల్ల ఎమ్మెల్యేకి పోటీ చేస్తుందట" అని మూడుసార్లు చెప్పాను. మూడోసారికి ఆవిడ కళ్లు తుడుచుకుంది. భయమో సంతోషమో నేనడగలేదు.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. నీకు పాతికేళ్లు నిండాయి కాబట్టి వయసు అడ్డు కాదు. డిపాజిట్ 10,000 రూపాయలు. చెల్లిన ఓట్లలో ఆరోవంతు రాకపోతే అది తిరిగి రాదు. ఎన్నికల ఖర్చుకి విడిగా బ్యాంకు ఖాతా తెరువు. పరిమితి 40 లక్షలంటే అంతా పెట్టమని కాదు. మీ అమ్మ గాజులు తాకట్టు పెట్టే మాట ఆ ఇంట్లో వినబడకూడదు, వినబడితే నేనే వచ్చి గుమ్మంలో కూర్చుంటాను. ఫలితం వచ్చిన ముప్పై రోజుల్లో లెక్కలు అప్పజెప్పాలి. అది మరిచిపోయి మూడేళ్లు పోటీకి అనర్హులైనవాళ్లు ఉన్నారు.

పార్టీ గుర్తు లేనివాళ్లకి నామినేషన్ మీద సంతకం పెట్టే ప్రతిపాదకులు పదిమంది కావాలి. ఆ పదిమందీ ఈ నియోజకవర్గం ఓటర్లే అయ్యుండాలి. ఓటర్ల జాబితాలో ఉన్న వాళ్ల పార్ట్ నంబరు, క్రమ సంఖ్య ఒక్క అంకె కూడా తేడా రాకూడదు. స్నేహితుల్ని నమ్మి సంతకాలు పెట్టించుకోకు. జాబితా తెరిచి, ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి చూసుకో.

ఇక ఈ నియోజకవర్గం గురించి. పేరు చూసి మోసపోకు. జూబ్లీహిల్స్ అనగానే అందరికీ పెద్ద బంగళాలే గుర్తొస్తాయి. ఆ బంగళాల్లో చాలావాటి ఓట్లు ఖైరతాబాద్‌లో పడతాయి. మనకున్నది బోరబండ, రహమత్‌నగర్, యూసుఫ్‌గూడ, ఎర్రగడ్డ, వెంగళరావు నగర్, షేక్‌పేట. మన కృష్ణానగర్‌లో ఒక్కో గదిలో నలుగురేసి జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మ్యాన్‌లు, మేకప్ అసిస్టెంట్లు. నేనూ మద్రాసు నుంచి సినిమాల వెంట వచ్చి అలాంటి గదిలోనే దిగాను.

1989లో మొదటిసారి బూత్‌లో ఏజెంటుగా కూర్చున్నాను. అప్పుడిదంతా ఖైరతాబాద్ నియోజకవర్గం. కాంగ్రెస్ నాయకుడు పి. జనార్దన్ రెడ్డి, అందరూ పిలిచే పీజేఆర్, అంటే బస్తీలకి ఇంటిమనిషి, పొద్దున్నే ఆయన గుమ్మం ముందు జనం. 1989లో గెలిచాడు, 1994లోనూ గెలిచాడు. ఇంక ఈ సీటు ఆయనదే అనుకుంటుండగా, 1999లో సీబీఐ మాజీ డైరెక్టర్ విజయరామారావు తెలుగుదేశం తరఫున వచ్చి ఆయన్నే ఓడించాడు. 2004లో మళ్లీ పీజేఆర్. 2007 డిసెంబరులో ఆయన పోయాక, 2008 ఉప ఎన్నికలో కొడుకు విష్ణువర్ధన్ రెడ్డి గెలిచాడు. ఏ బస్తీకి వెళ్లినా "ఇది ఫలానావాళ్ల అడ్డా" అని నీకు చెప్తారు. నమ్మకు. 1999లో ఆ మాట చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను.

నియోజకవర్గాల పునర్విభజనతో 2009లో జూబ్లీహిల్స్ విడిగా ఏర్పడింది. నా జీవితంలో పెద్ద తప్పు ఆ ఎన్నికల్లోనే చేశాను. ఇన్నేళ్లుగా ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉండేది. సందులవారీగా పేర్లు, బూత్ నంబర్లు, క్రమ సంఖ్యలు. 2008 ఉప ఎన్నిక జాబితా చూసి నా చేత్తో రాసుకున్నదే. పదినెలల్లో ఏం మారుతుందిలే అనుకున్నాను. హద్దులు మారాయి, బూత్‌లు మారాయి, జాబితాలు కొత్తగా అచ్చయ్యాయి. కొత్త జాబితా నా చేతికొచ్చినా మన సందు పేజీ ఒక్కటి చూసి, సరిగ్గానే ఉందని సంచిలో పెట్టేశాను. పక్క నాలుగు సందులకీ ఆ పాత నోట్‌బుక్ చూసే ఓటరు చీటీలు రాసి, ఇంటింటికీ తిరిగి నేనే పంచాను. అందరూ "నీ రాత ముత్యాల్లా ఉంటుంది" అన్నారు. నాకు గర్వంగా అనిపించింది.

ఏప్రిల్ 16, పోలింగ్. పదకొండు దాటేసరికి ఎండ మాడిపోతోంది. మన వెనక సందులో ఒక ముసలావిడ ఉండేది. షూటింగ్‌లకి వంట చేసే బృందంలో అంట్లు తోమేది. ఆ రోజు కూలి వదులుకుని వచ్చింది. నా చీటీ పట్టుకుని ఒక స్కూలుకి వెళితే, ఇక్కడ కాదన్నారు. ఇంకో స్కూలుకి నడిచింది. అక్కడ ఆ నంబరులో ఇంకెవరి పేరో ఉంది. ఎవరో చెబితే మూడోచోటికీ వెళ్లింది. అసలు పేరే లేదు. అంతకుముందు ఏడాది గది మారింది కదా, పాత అడ్రసులో తీసేశారు, కొత్త అడ్రసులో ఎక్కించలేదు. నేను నెలరోజుల ముందు జాబితా విప్పి చూసుంటే ఒక్క ఫారంతో అయిపోయేది.

నా టేబుల్ దగ్గరకి వచ్చి ఆ చీటీ నా ముందు పెట్టింది. "బాబూ, ఇది నువ్విచ్చిందే కదా" అంది. అంతే. తిట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, నేనిచ్చిన మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. సాయంత్రంలోపు అలాంటి చీటీలు ఇంకా చాలా తిరిగొచ్చాయి. మా అభ్యర్థి గెలుస్తాడో ఓడతాడో నాకు ఆ రాత్రి పట్టలేదు. క్షమాపణ చెప్పాలని వారం తర్వాత వెళితే గదికి తాళం ఉంది. ఊరెళ్లిపోయిందన్నారు. ఏ ఊరో ఇంటివాళ్లకీ తెలియదు.

అందుకే మీ నాన్న "ఫ్లెక్సీలు కొట్టించడానికి రేటు మాట్లాడుకుంది" అనగానే నాకు కోపం వచ్చింది. ఫ్లెక్సీలు ఇప్పుడెందుకమ్మా? ముందు జాబితా పట్టుకుని గడప గడపకీ తిరుగు. పేరు లేనివాళ్లకి ఫారం-6, ఇల్లు మారినవాళ్లకి ఫారం-8. బూత్ లెవెల్ ఆఫీసర్‌తో మర్యాదగా మాట్లాడి పరిచయం పెంచుకో. అద్దె గదులవాళ్లని మళ్లీ మళ్లీ అడుగు. వాళ్లు మారుతూనే ఉంటారు, జాబితా వాళ్ల వెంట పరిగెత్తదు.

పాత ఫలితాలు చదువు, వద్దనను. 2014లో మాగంటి గోపీనాథ్ తెలుగుదేశం నుంచి గెలిచాడు, 2018లో టీఆర్ఎస్ నుంచి గెలిచాడు, 2023లో అజారుద్దీన్ మీద 16,337 ఓట్ల ఆధిక్యం తెచ్చుకున్నాడు. 2025లో ఆయన పోయాక నవంబరులో వచ్చిన ఉప ఎన్నికలో కాంగ్రెస్ అభ్యర్థి నవీన్ యాదవ్ 24,729 ఓట్లతో నెగ్గాడు. ఆ నవీన్ యాదవే 2014లో మజ్లిస్ తరఫున రెండో స్థానంలో ఆగాడు, 2018లో నీలాగే స్వతంత్రుడిగా ఓడాడు. మొదటిసారి ఓడితే గదిలో తలుపేసుకుని ఏడవకు, ఇక్కడికొచ్చి ఏడువు.

ఈ అంకెలన్నిటికంటే నన్ను పట్టుకున్నది వేరే ఉంది. 2023లోనూ, అంత హోరు జరిగిన ఆ ఉప ఎన్నికలోనూ మన దగ్గర ఓటేసినవాళ్లు సగంమంది కూడా లేరు. రానివాళ్లలో ఎంతమంది రాలేక రాలేదో, ఎంతమంది తప్పుడు చీటీ పట్టుకుని తిరిగిపోయారో నాకు ఇప్పటికీ ఆలోచనే. బూత్‌వారీ లెక్కలు ఫారం-20లో దొరుకుతాయి. వాటిలో తక్కువ ఓట్లు పడిన బూత్‌ల దగ్గర మొదలుపెట్టు.

ఇంకొకటి. ఉప ఎన్నికలో 58 మంది పోటీ చేస్తే నాలుగు ఓటింగ్ యంత్రాలు వరసగా పెట్టారు. స్వతంత్రులు పార్టీలవాళ్ల తర్వాతే వస్తారు. నీ గుర్తు ఏ యంత్రంలో ఎన్నోదో ప్రతి ముసలావిడకీ వేలు పట్టి చూపించు. చీకటి పడ్డాక ఒక్కదానివే సందుల్లో తిరగకు. తమ్ముణ్ణి వెంట తీసుకెళ్లు, వాడు విసుక్కున్నా సరే.

ఆదివారం పొద్దున్నే ఏడింటికల్లా రా. మెత్తటి చెప్పులు వేసుకో. మీ పెద్దమ్మ ఉప్మా చేస్తుంది. కొత్త జాబితా ప్రింటు తీయించి ఉంచుతాను. వెనక సందు నుంచి మొదలుపెడదాం, ఆ ముసలావిడ ఉండిన గదిలో ఇప్పుడు ముగ్గురు కుర్రాళ్లు దిగారు.

మీ పెదనాన్న