పాలోస్ వెర్డెస్‌లో నేల ఎందుకు జారుతోంది?

కాలిఫోర్నియాలోని లాస్ ఏంజెలిస్ నగరానికి దక్షిణాన, పసిఫిక్‌లోకి చొచ్చుకుపోయిన పాలోస్ వెర్డెస్ ద్వీపకల్పంలో పోర్చుగీస్ బెండ్ వద్ద నేల జారడానికి అసలు కారణం భూగర్భంలోని బెంటొనైట్ అనే బంకమట్టి పొర. పూర్వపు అగ్నిపర్వతాల బూడిద మారి ఏర్పడిన ఈ పొర సముద్రం వైపు వాలి ఉంది; వాననీరూ ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల నీరూ ఇంకినప్పుడు అది తడిసిన సబ్బుబిళ్లలా జారి, పైనున్న రాతిని ఇళ్లతో సహా సముద్రం వైపు మోసుకుపోతుంది.

ఒకప్పుడు ద్వీపంగా ఉండి తర్వాత ప్రధాన భూభాగంతో కలిసిన ఈ కొండను 1913లో బ్యాంకరు ఫ్రాంక్ వాండర్లిప్ బృందం కొన్నది. అంతకుముందు ఇది పశువుల మేత భూమి. సముద్రం కనిపించే స్థలాలకు గిరాకీ పెరిగి ఇళ్లు వెలిశాయి. 1956లో క్రెన్‌షా రోడ్డు పొడిగింపు కోసం తవ్విన మట్టిని పాత జారుడు ప్రాంతపు నెత్తిన పోయడంతో కదలిక మళ్లీ మొదలై, వందకు పైగా ఇళ్లు దెబ్బతిన్నాయి. రోడ్డు వేయించిన కౌంటీయే ఇందుకు బాధ్యురాలని న్యాయస్థానం తేల్చింది.

ఇటీవలి ఉదాహరణ వేఫేరర్స్ చాపెల్. లాయిడ్ రైట్ రూపకల్పన చేసిన ఈ గాజు ప్రార్థనాలయం అద్దాలు పగిలి, చట్రం వంగి, 2024లో మూతపడింది. తర్వాత దాన్ని విడగొట్టి భద్రపరిచారు. ఆ ఏడాది కొన్నిచోట్ల నేల వారానికి సుమారు ఒక అడుగు కదిలింది.

ఇదంతా భూకంపాల పని అని చాలామంది అనుకుంటారు. కాలిఫోర్నియా పేరు వినగానే ఆ ఊహ సహజమే గాని, ఇక్కడి కదలిక ఒక్క కుదుపుతో వచ్చింది కాదు. భారీ వర్షాలు పడ్డాక, భూగర్భజలం పెరిగేకొద్దీ వేగం పుంజుకునేది. అందుకే అధికారులు బావులు తవ్వి లోపలి నీటిని తోడుతున్నారు.