అట్ట మీద ఆరు రంగులే

అమ్మాయ్,

తెలుగు వికీపీడియా కోసం పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. "మొహమాటపడకుండా చెప్పండి మాష్టారూ" అన్నావు కాబట్టి అచ్చు తీయించి ఎర్ర పెన్నుతో కూర్చున్నాను. కాయితాలు చూస్తే నీకు గుండె గుభేలుమంటుంది. కంగారుపడకు. పనికిరాని వ్యాసమైతే ఇంత గీసేవాణ్ణి కాదు, "బాగుందమ్మా" అని రెండు ముక్కలు రాసి ఊరుకునేవాణ్ణి.

ముందు ఆ ఆల్బమ్ అట్ట ఎదురుగా పెట్టుకో. నల్లటి నేల మీద పట్టకం, ఒక పక్క నుంచి తెల్లటి గీత, రెండో పక్క నుంచి రంగులు. నువ్వు "ఇంద్రధనుస్సులోని ఏడు రంగులు" అని రాశావు. లెక్కపెట్టు. ఆరే. ఇండిగో లేదు. హిప్నోసిస్ అనే డిజైన్ సంస్థ ఆలోచనకు జార్జ్ హార్డీ గీసిన బొమ్మ అది. ఆ బొమ్మ ఉన్న టీషర్టు కూడా నీ దగ్గర ఉందన్నావు. అయినా ఏడే రాశావు. ఇంద్రధనుస్సు అనగానే చెయ్యి ఏడు అని రాసేసుకుపోయింది. కంటి ముందున్నది వదిలి బళ్లో నేర్చుకున్నది రాశావన్నమాట. నేను గీసిన గీతల్లో సగం ఈ జాతి తప్పులకే.

మిగతా సగం పొగడ్తలకి. నీ మొదటి వాక్యం చూడు: "ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ రాక్ సంగీత చరిత్రలో అజరామరమైన, అద్భుతమైన, కాలాతీతమైన కళాఖండం." ఆ పేరు తీసేసి ఇంకే ఆల్బమ్ పేరు పెట్టినా ఈ వాక్యానికి వచ్చే నష్టం ఏమీ లేదు. ఈ సంగీతం ఎప్పుడూ వినని ఒక కాలేజీ కుర్రాడు గూగుల్లో వెతుక్కుంటూ వచ్చాడనుకో. అతనికి ముందు కావలసింది, ఇది ఇంగ్లండు బృందం పింక్ ఫ్లాయిడ్ 8వ స్టూడియో ఆల్బమ్ అని, 1973 మార్చిలో వచ్చిందని, లండన్ యాబీ రోడ్ స్టూడియోలో రికార్డు చేశారని. అజరామరమో కాదో అతను విని తేల్చుకుంటాడు.

పొగడ్తలన్నీ కొట్టేస్తే వ్యాసం ఎండిపోతుందని నీ భయం. ఒక్కో పొగడ్త దగ్గర ఆగి, ఇది నాకెందుకు అనిపించిందని అడుగు. ఆ జవాబు వ్యాసంలో పెట్టు. "'మనీ' పాటలో శబ్దాలతో మాయాజాలం చేశారు" అని రాశావు. ఏం చేశారు? నాణేలు గిన్నెలో విసిరిన చప్పుడు, కాయితం చింపిన చప్పుడు, దుకాణంలో క్యాష్ రిజిస్టర్ మోత, ఇవన్నీ టేపు మీద రికార్డు చేశారు. ఒక్కో చప్పుడున్న టేపు ముక్కని స్కేలు పెట్టి కొలిచి, సమానంగా కత్తిరించి, అతికించి, గుండ్రంగా లూప్ చేసి తిప్పారు. పాట తాళమే ఆ టేపు పొడవు మీద నిలబడింది. కంప్యూటర్ లేదు, బ్లేడూ అతుకు టేపూ ఉన్నాయంతే. ఇది చదివినవాడు మాయాజాలం అన్న మాట తనే అనుకుంటాడు. నువ్వు అనాల్సిన పని లేదు.

అదే పాట దగ్గర ఇంకో పేచీ ఉంది. ఏడు దెబ్బల తాళం అన్నావు, నిజం. గిటార్ సోలో దగ్గరికి వచ్చేసరికి నాలుగుకి మారుతుందన్నావు, అదీ నిజం, ఎంత శ్రద్ధగా విన్నావో తెలుస్తోంది. ఆ ఊపులో "ఇది మన మిశ్రచాపు తాళమే" అనేశావు. తకిట తకధిమి అని వేసుకుని చూశాను, సరదాగానే ఉంది. కానీ ఏడు అన్న అంకె కలిసినంత మాత్రాన నడక కలవదు. పైగా ఈ పోలిక ఏ సంగీత విమర్శకుడో చేసి అచ్చువేసింది కాదు, నీది. మన వికీలో దాన్ని మౌలిక పరిశోధన అంటారు, అక్కడ దానికి చోటు లేదు. పారెయ్యకు మాత్రం. అది మంచి పత్రికా వ్యాసానికి మొదటి పేరా అవుతుంది. నీ పేరుతో రాసి పంపు, వాళ్లు వేస్తే ఎప్పుడో ఒకరోజు ఇంకెవరో నిన్ను మూలంగా చూపించి వికీలో చేరుస్తారు.

"స్టూడియోలో తయారుచేసి తర్వాత వేదికల మీద వాయించారు" అన్నావు. తలకిందులైంది. 1972 జనవరిలోనే బ్రైటన్ డోమ్‌లో వాయించడం మొదలుపెట్టారు. ఆ రాత్రి 'మనీ' దగ్గర యంత్రాలు మొరాయించి ఆపెయ్యాల్సి వచ్చింది. ఫిబ్రవరిలో లండన్ రెయిన్‌బో థియేటర్లో మొత్తం వాయించారు. రికార్డింగ్ ఆ తర్వాతే. అంటే పాటలు ముందు జనం చెవిన పడి, నెలల తరబడి నలిగి, అప్పుడు టేపు మీదికి వెళ్లాయి. ఈ ఒక్క వరస సరిచేస్తే ఆల్బమ్ అంత బిగువుగా ఎందుకుందో పాఠకుడికి సగం అర్థమవుతుంది. మధ్యలో పేరు కూడా మారింది. అదే పేరుతో మెడిసిన్ హెడ్ అనే బృందం ఆల్బమ్ తెచ్చిందని తెలిసి వీళ్లు 'ఎక్లిప్స్' అని పెట్టుకున్నారు. ఆ ఆల్బమ్ ఆడకపోయేసరికి మళ్లీ పాత పేరుకే వచ్చారు. ఇది రెండు వాక్యాల్లో చెప్పు చాలు.

వ్యాసం పక్కనుండే సమాచారపెట్టెలో నిర్మాత అలన్ పార్సన్స్ అని పెట్టావు. ఆయన రికార్డింగ్ ఇంజనీరు. నిర్మాతలు పింక్ ఫ్లాయిడ్ వాళ్లే. మార్చు.

ఇప్పుడు 741 సంగతి. "ఈ ఆల్బమ్ 741 వారాలు అమెరికాలో నంబర్ వన్‌గా నిలిచింది" అని చదవగానే నవ్వు రాలేదు, సిగ్గేసింది. ఎందుకంటే సరిగ్గా ఇదే తప్పు ఒకప్పుడు నేనూ రాశాను. అమెరికాలో వారం వారం వచ్చే బిల్‌బోర్డ్ పట్టికలో ఈ ఆల్బమ్ మొదటి స్థానంలో ఉన్నది ఒకే ఒక్క వారం, 1973 ఏప్రిల్ చివర. 741 వారాలు అన్నది 1973 నుంచి 1988 దాకా ఆ 200 ఆల్బమ్‌ల పట్టికలో ఎక్కడో ఒకచోట కనిపించిన వారాల లెక్క. అదైనా ఏకధాటిగా కాదు, మధ్యలో దిగి మళ్లీ ఎక్కింది. బ్రిటన్లోనైతే రెండో స్థానం దాటలేదు. నేనేమో అర్ధరాత్రి ఎవరి బ్లాగులోదో చూసి, 741ని 52తో భాగించకుండా రాసేశాను. పద్నాలుగేళ్లకు పైగా ఒకే ఆల్బమ్ నంబర్ వన్‌గా ఉంటే ఆ దేశంలో మిగతా పాటగాళ్లంతా ఏమైనట్టు? ఆ మాత్రం తట్టలేదు.

అసలు కథ తర్వాత ఉంది. కొన్ని నెలలకి తప్పు తెలిసి దిద్దాను. దిద్దిన వారానికే ఎవరో వెనక్కి తిప్పారు, ఒక పత్రిక ఆదివారం అనుబంధాన్ని మూలంగా చూపించి. ఆ వ్యాసం తెప్పించుకుని చూస్తే నా వాక్యమే, నా కామాలతో సహా! నేను రాసిన తప్పుని వాళ్లు ఎత్తుకున్నారు, వాళ్లది చూపించి నన్ను కాదన్నారు. చర్చ పేజీలో పది రోజులు వాదించి, ఎప్పుడు ఏం మారిందో చూపే చరిత్ర పేజీలో తేదీలు చూపించి, ఏది ముందో ఏది వెనకో రుజువు చేస్తే గానీ తెమల్లేదు. అప్పట్నుంచి అంకె కనిపిస్తే ముందు భాగహారం చేస్తున్నాను. మూలం కనిపిస్తే అది ఎప్పటిదో, ఎక్కడి నుంచి తెచ్చుకుందో చూస్తున్నాను.

అమ్మకాలు కూడా అలాగే. నాలుగున్నర కోట్ల ప్రతులు అన్నది అంచనా. అమెరికాలో 1998లో 15 సార్లు ప్లాటినం అన్నది ధ్రువీకరణ, అంటే ఆ ఒక్క దేశంలో కోటీ యాభై లక్షలు. రెండూ రాయచ్చు, ఏది అంచనాయో ఏది ధ్రువీకరణో వాక్యంలోనే తెలియాలి. నువ్వు రెండిటినీ కూడేశావు. అమెరికా లెక్క ప్రపంచ లెక్కలోనిదే కదమ్మా!

అన్నిటికంటే నాకు వెలితిగా అనిపించింది క్లేర్ టోరీ విషయం. 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై'లో మాటల్లేకుండా గొంతెత్తి పాడిన ఆమెకు నువ్వు ఇచ్చింది ఒకే వాక్యం: "క్లేర్ టోరీ హృద్యంగా ఆలపించింది." ఆమె సెషన్ గాయని, అంటే పిలిచినప్పుడు వచ్చి కూలికి పాడి వెళ్లే మనిషి, పాతికేళ్ల పిల్ల. 1973 జనవరిలో ఒక ఆదివారం రాత్రి స్టూడియోకి పిలిపించారు. బృందంలోని రిచర్డ్ రైట్ కట్టిన స్వరాల మీద పాడమన్నారు, మాటలు వద్దన్నారు. రెండు మూడు సార్లు పాడి, ఇది వీళ్లు వాడరులే అనుకుని వెళ్లిపోయింది. ఇచ్చింది 30 పౌండ్లు, ఆదివారం కాబట్టి రెట్టింపు లెక్కన. పాట రచయితగా అట్ట మీద రైట్ పేరొక్కటే పడింది. 2004లో ఆమె కోర్టుకెళ్లింది. 2005లో కోర్టు బయట రాజీ అయింది. ఆ తర్వాతి ముద్రణల్లో రైట్ పక్కన ఆమె పేరు కూడా వస్తోంది.

ఇది నీకు ఫోన్లో చెప్తే "ఎంత అన్యాయం మాష్టారూ, మోసం చేశారని రాసేస్తా" అన్నావు. రాయకు. ఆమె బతికే ఉంది, బృందంలో రైట్ తప్ప మిగతావాళ్లూ ఉన్నారు. రాజీ షరతులు మనకి అనవసరం. 30 పౌండ్లు అని రాయి, ఆదివారం రెట్టింపు అని కూడా రాయి, అది వదిలేస్తే బృందానికి అన్యాయం చేసినవాళ్లమవుతాం. దావా వేసిన సంవత్సరం, రాజీ అయిన సంవత్సరం, మారిన పేరు. నాలుగు వాక్యాలు వరసగా పేర్చితే ఆ పాట తర్వాతిసారి విన్నప్పుడు పాఠకుడికి వేరేగా వినిపిస్తుంది. తటస్థ దృక్కోణం అంటే గోడ మీద పిల్లివాటం అనుకుంటారు చాలామంది. కాదు. రెండు వైపుల వాళ్లూ చదివి "జరిగింది ఇదే" అనేలా రాయడం. ఎంత కష్టమో ఆ నాలుగు వాక్యాలు రాసేటప్పుడు నీకే తెలుస్తుంది.

పాత హాలీవుడ్ సినిమా 'ద విజార్డ్ ఆఫ్ ఓజ్' పక్కన పెట్టి ఆడిస్తే ఆల్బమ్ సరిగ్గా సరిపోతుందని, "రహస్యంగా అలాగే రూపొందించారని" ఒక పేరా అంతా రాశావు. అది 1990ల్లో పుట్టిన పుకారు. బృందం కాదంది, పార్సన్సూ కాదన్నాడు. పుకారును పుకారుగా రాయడం తప్పు కాదు, అది కూడా ఆల్బమ్ జీవితంలో భాగమే. ఎప్పుడు పుట్టింది, సంబంధించినవాళ్లు ఏమన్నారు, అంతే. స్టూడియో ద్వారపాలకుడు జెర్రీ ఓడ్రిస్కాల్ గురించి నువ్వు రాయనేలేదు, పుకారుకి మాత్రం చోటిచ్చావు! బృందంలోని రోజర్ వాటర్స్ అట్టముక్కల మీద ప్రశ్నలు రాసి స్టూడియోలో దొరికినవాళ్లందరినీ అడిగి జవాబులు రికార్డు చేశాడు. పాల్ మెక్‌కార్ట్‌నీ జవాబులు పక్కన పెట్టేసి ద్వారపాలకుడి మాటని ఆల్బమ్ చివర గుండె చప్పుడు మీద పెట్టారు. చంద్రుడికి చీకటి వైపంటూ ఏదీ లేదు, అసలంతా చీకటే అంటాడు. పేరు అర్థం తెలుగులో ఇస్తున్నావు కదా, ఆ పక్కనే ఈ ముక్క ఉండాలి.

భాష గురించి కొంచెం కోపంగానే రాస్తున్నాను. అనువాద పరికరం వాడావు, వాడితే వాడావు, మళ్లీ చదువుకోలేదు. "మనీ ఒంటరిగా విడుదల చేయబడింది" ఏమిటి? సింగిల్ అంటే ఒంటరి కాదు, విడిగా తెచ్చిన పాట రికార్డు, సింగిలే. ట్రాకులు పట్టాలయ్యాయి ఒకచోట, రైలొస్తుందేమోనని చూశాను. "చేయబడింది, వ్రాయబడింది, పరిగణించబడింది" మొత్తం 63 చోట్ల గీశాను. ఎవరు చేశారో చెప్పు: వాటర్స్ రాశాడు, గిల్మర్ పాడాడు, మేసన్ డ్రమ్స్ వాయించాడు. "బడు" పోతే దాని వెనక దాక్కున్న మనిషి బయటికొస్తాడు. "పరిగణించబడింది" మరీ ప్రమాదం, ఎవరు పరిగణించారో చెప్పకుండా తప్పించుకునే దారి అది. పేరు పెట్టలేకపోతే వాక్యం తీసెయ్యి. పాటల సాహిత్యం మొత్తం దించి కింద నీ తెలుగు అనువాదం పెట్టావు, అనువాదం ముచ్చటగా ఉంది, కానీ కాపీహక్కు అనువాదానికీ ఉంటుంది. తీసెయ్యాలి.

స్పందన విభాగంలో అన్నీ ఈ కాలపు పొగడ్తలే. 1973లో ఎవరేమన్నారు? ఆ ఫిబ్రవరిలో లండన్ ప్లానెటేరియంలో పత్రికలవాళ్లకి వినిపించారు. నాలుగు స్పీకర్ల మిక్స్ సిద్ధం కాలేదని అలిగి బృందంలో రైట్ తప్ప ఎవరూ రాలేదు. వచ్చినవాళ్ల ముందు బృందంలోని నలుగురివీ నిలువెత్తు అట్టబొమ్మలు నిలబెట్టారు. ఇలాంటిదొకటి ఉంటే ఆ విభాగంలోకి కాస్త గాలి వస్తుంది.

నేను ఈ ఆల్బమ్ మొదట విన్నది 1980ల్లో, విశాఖలో, ఎవరో ఎక్కించిచ్చిన 60 నిమిషాల క్యాసెట్టులో. అట్ట లేదు, పాటల పేర్లు లేవు. 'అస్ అండ్ దెమ్' మధ్యలో టేపు అయిపోయేది, తిప్పి వేసుకోవాలి. చాలా ఏళ్లు ఆ పాటని అలా రెండు ముక్కలుగానే కట్టారనుకున్నాను, వాళ్ల గొప్ప ఆలోచనని స్నేహితులకి వివరించాను కూడా. తర్వాత ఎల్పీ రికార్డు చేతికొచ్చింది. మొదటి వైపు టోరీ గొంతుతో ముగుస్తుంది, రెండో వైపు నాణేల చప్పుడుతో మొదలవుతుంది. నువ్వు ఈ విభజనే రాయలేదు, ఫోన్లో వింటావు కాబట్టి నీకు కనపడలేదు. పాటల పట్టికలో రెండు వైపులూ విడదీసి పెట్టు.

వికీలో చిత్తుప్రతికి నీకున్న పేజీ, నీ ప్రయోగశాలలోనే ఇవన్నీ దిద్దుకో, అందరూ చదివే ప్రధాన పేరుబరికి అప్పుడే తరలించకు. మూలం దొరకని వాక్యం పక్కన "ఆధారం చూపాలి" అని నువ్వే పెట్టేసుకో, ఇంకొకరు పెట్టేదాకా ఆగకు. ఇంకా వ్యాసం లేని పేర్లకి పడే ఎర్ర లింకులు చూసి బెంగపడకు, హిప్నోసిస్ మీద వ్యాసం తర్వాత ఎవరో ఒకరు రాస్తారు, నువ్వే రాస్తావేమో. అయ్యాక చర్చ పేజీలో నాకు కబురు పెట్టు, మళ్లీ చదువుతాను. ఈసారి ఆకుపచ్చ పెన్ను తెచ్చుకుంటాను.

అట్ట రంగుల సంగతి మాత్రం ఈ రాత్రికే దిద్దెయ్యి. ఆ ఏడు నా కంట్లో నలుసులా ఉంది.

మీ మాష్టారు