మంచు కరిగిందా, పెరిగిందా? ఏ పేపర్‌ని నమ్మాలి?

ప్రశ్న: అన్నా, మా టీ అంగడి కాడికి రెండు పేపర్లు వస్తాయి. మొన్న ఒకదాంట్లో ఉత్తర ధ్రువంలో మంచు అయిపోతాందని రాసినారు, ఇంకోదాంట్లో ముందటేడు కంటే మంచు పెరిగింది, సైంటిస్టులు ఊరికే భయపెడ్తాండారని రాసినారు. అంగడి కాడ పెద్ద గలాటా. ఎవరో ఒకరు అబద్ధం రాసినట్టే కదా, ఎవర్ని నమ్మల్ల?
- ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: ఇద్దరూ నిజం అంకెలే వేసి ఉండొచ్చు తమ్ముడూ, తిరకాసంతా అక్కడే ఉంది. ఉత్తర ధ్రువం చుట్టూ ఉండే ఆర్కిటిక్ సముద్రం మీద తేలే మంచు చలికాలంలో పెరిగి, ఎండలకి తగ్గుతా వచ్చి సెప్టెంబరులో అన్నిటికంటే తక్కువకి దిగుతుంది, 1979 నుంచి శాటిలైట్లతో దీన్ని వరసగా కొలుస్తున్నారు. 1980ల్లో సెప్టెంబరులో 70 లక్షల చదరపు కిలోమీటర్లకి అటూ ఇటూ ఉండేది. 2012లో 34 లక్షలకి పడిపోయింది, అంటే ఇంచుమించు మన దేశమంత మంచు మాయం. మరుసటేడు మళ్ళీ 50 లక్షలు దాటింది. ఇంకేముంది, ఇంగ్లండులో ఒక పేపరు మంచు తిరిగొచ్చింది, భూమి చల్లబడుతోంది అని హెడ్డింగ్ కొట్టేసింది! ఎకరాకి ఒక బస్తా బుడ్డలు కూడా చేతికిరాని ఏడు గడిచి, మరుసటేడు రెండు బస్తాలు వస్తే దిగుబడి డబల్ అని రాసి, వాళ్ళ నాయన కాలంలో ఎంత పండేదో మాత్రం రాయకపోతే ఎట్లుంటుందో ఇదీ అట్లే. 2012 కంటే తక్కువకి ఇంతవరకూ ఏ ఏడూ పడిపోలేదు నిజమే, కానీ 2007 నుంచి ఒక్క సెప్టెంబరులో కూడా మంచు 1980ల స్థాయికి తిరిగి రాలేదు, ఆ వాక్యం మీ రెండో పేపర్లో ఉందేమో చూడండి.

అట్లని కరిగిపోతుందని రాసేవాళ్ళంతా హరిశ్చంద్రులేం కాదు. 2013 కల్లా ఎండాకాలంలో ఆర్కిటిక్‌లో మంచే ఉండదు అన్న ఒక సైంటిస్టు అంచనాని 2007లో పేపర్లు, టీవీలు తెగ తిప్పాయి, 2013 వచ్చింది, మంచు ఉంది. అదే 2007లో ఐపీసీసీ (వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన నిపుణుల సంస్థ) రిపోర్టులో హిమాలయాల హిమానీనదాలు 2035 నాటికి పోవచ్చని పడింది, సరైన ఆధారం లేని మాట అది, పట్టుకుంది కూడా హిమానీనదాల మీద పనిచేసే సైంటిస్టులే, 2010 జనవరిలో ఐపీసీసీ తప్పు ఒప్పుకుంది. ఇప్పుడు అదే సంస్థ చెప్పేదేమంటే 2050 లోపు కనీసం ఒక సెప్టెంబరులో ఆర్కిటిక్ మంచు 10 లక్షల చదరపు కిలోమీటర్ల కంటే తగ్గే అవకాశం ఎక్కువ అని. పేపర్‌కి ఇది చప్పగా ఉంటుంది, పెద్ద అక్షరాల్లో పెట్టుకోడానికి పనికిరాదు.

ఇంకోటి, పేపరాఫీసు డెస్కులో ఏం జరుగుతుందో చాలామందికి తెలీదు. ఇట్లాంటి వార్త ఏజెన్సీ నుంచి ఇంగ్లీషులో వస్తుంది, రాత్రిపూట హడావిడిగా తెలుగు చేస్తారు, పేజీలో చోటు చాలకపోతే కింద నుంచి కోస్తారు. ఏ నెల లెక్క, ఏ ఏడుతో పోలిక, కొలిచిందెవరు అనేవి ఎక్కువగా ఆ కింద పేరాల్లోనే ఉంటాయి మరి. హెడ్డింగ్ పెట్టేది ఇంకో మనిషి. అందుకే నేనైతే హెడ్డింగ్‌ని పట్టించుకోను, ఆ మూడు సంగతులూ రాసిన పేపర్‌నే నమ్ముతా, అది ఏ పార్టీ పేపరైనా సరే. దక్షిణ ధ్రువం సంగతి వస్తే ఇంకా జాగర్త, అక్కడ సముద్రపు మంచు 2014లో రికార్డు స్థాయికి పెరిగింది, 2023 ఫిబ్రవరిలో రికార్డు స్థాయికి తగ్గింది, ఎవరికి ఏది కావాలంటే అది ఏరుకోవచ్చు.

ప్రశ్న: ధ్రువాల మంచంతా కరిగితే సముద్రం మా కడప దాకా వస్తుందా సార్?
- ఒక పాఠకురాలు, కడప

జవాబు: రాదమ్మా. నీళ్ళ మీద తేలే మంచు కరిగితే మట్టం పెద్దగా పెరగదు, పెరిగేది గ్రీన్‌లాండ్, అంటార్కిటికా నేల మీద పేరుకున్న మంచు కరిగితేనే. అదంతా పోయినా, దానికి వందలు వేల ఏళ్ళు పడుతుంది, సుమారు 65 మీటర్లు పెరుగుతుంది, మీ కడప 130 మీటర్ల పైనే ఉంది, అనంతపురం 330 దాటి. భయపడాల్సింది కృష్ణపట్నం, మచిలీపట్నం వైపు వాళ్ళు, వాళ్ళకి 65 మీటర్లు అక్కర్లేదు, అర మీటరే చాలు.

మనకి దెబ్బ వేరే రకంగా తగులుతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, దాంతో పడే వాన ఒక్కసారే కుమ్మరించే అవకాశం పెరుగుతుంది. అయితే 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది కదా, దాన్ని ఎవరైనా నేరుగా ధ్రువాల మంచుకి ముడిపెట్టి రాస్తే మాత్రం నమ్మొద్దు. అక్కడ ఒక గేటు తెరుచుకోలేదని పార్లమెంటులో కేంద్రమంత్రే చెప్పారు, ఆ గేటు సంగతి అడగాల్సింది ఇంజనీర్లని.