అనంతపురం కరువు లెక్క తీస్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన మొదటి అధ్యాయం చదివాను. వాన తగ్గితే అనంతపురం ఆదాయం ఎంత పడిపోతుందో తేలుస్తానంటున్నావు, మంచి పనే. కానీ ఏడాది మొత్తం వానని జిల్లా స్థూలోత్పత్తి, అంటే జిల్లాలో ఏడాదికి తయారైన సరుకులు, సేవల మొత్తం విలువ పక్కన పెట్టి, ఒకటి మారితే రెండోది ఎంత మారుతుందో చూసే రిగ్రెషన్ లెక్క నడిపావు చూడు, అక్కడే తేడా కొట్టింది.

మనకి ఏడాదికి సగటున పడేదే 550 మిల్లీమీటర్ల చిల్లర. అది మొత్తం పడిన ఏడు కూడా చెనిక్కాయ (వేరుశనగ) పంట పోవచ్చు. జూలైలో వాన పడి నేల విత్తడానికి పదునైంది, విత్తారు, మొలక బాగుంది అనుకో. ఆగస్టులో ఊడలు, అంటే మట్టిలోకి దిగి కాయలయ్యే కాడలు, దిగే వేళకి మూడు వారాలు వాన లేక బెట్ట పట్టిందంటే ఎర్రనేల గట్టిపడిపోతుంది. ఒక చెట్టు పీకి చూడు, ఊడలు మట్టిలోకి దిగలేక పైనే ఎండి వేలాడుతుంటాయి. అక్టోబరులో కుండపోతగా కురిసి లోటు పూడిస్తే రికార్డులో మాత్రం అది 'సాధారణ వర్షపాతం'! అందుకే విత్తిన తేదీ నుంచి లెక్కపెట్టు. బెట్ట ఏ దశలో వచ్చింది, ఎన్ని రోజులుంది అన్నది మండలాలవారీగా తీసుకో. వాతావరణ శాఖ 2.5 మిల్లీమీటర్లు పడితే వాన రోజు అంటుంది. ఆగస్టు ఎండలో అది దుమ్ము అణచడానికే చాలదు, పంటకి సరిపడా వాన ఎంతో నువ్వే వేరుగా నిర్ణయించుకో.

ఒక మండలాన్ని ఇంకో మండలంతో పోల్చొద్దు, నేలలు వేరు. ఏ మండలాన్ని ఆ మండలం పాత ఏళ్లతోనే పోల్చు.

ఎకరా దిగుబడి ఒక్కటే నమ్మకు. వాన లేటైతే చాలామంది అసలు విత్తరు. విత్తిన కొద్దిమందీ మంచి నేలో, బోరో ఉన్నవాళ్లు. దాంతో కరువేట సగటు బాగున్నట్టే కనిపిస్తుంది. సాగైన విస్తీర్ణం కూడా లెక్కలోకి రావాలి.

జిల్లా స్థూలోత్పత్తిలో వ్యవసాయం పద్దు ఫరవాలేదు. మిగతా పద్దుల్లో చాలావరకు రాష్ట్రం అంకెని జిల్లాలకి పంచి రాసినవే. కరువు దెబ్బ అంగళ్లకి తగిలిందా అని వాటిలో వెతికితే నీకు దొరికేది పంపకం సూత్రమే. దానికన్నా పశువుల సంతలో ధరలు, బంగారం తాకట్టు అప్పులు చూడు. ఉపాధి హామీ పనిదినాలు వాడితే జాగ్రత్త. కరువు మండలంగా ప్రకటిస్తే 100 రోజుల పని 150 రోజులకి పెంచుతూ వచ్చారు, అంటే ఆ పెరుగుదలలో కష్టమూ ఉంటుంది, జీవో కూడా ఉంటుంది. బెంగళూరుకి వలస పోయినవాళ్లు అందులో కనబడనే కనబడరు.

చీనీ (బత్తాయి) తోటలకి మాత్రం ఒక్క ఏడాది లెక్క అసలు పనికిరాదు. చెట్టు ఎండిందంటే మళ్లీ నాటి కాపు చూసేదాకా ఏళ్లు పడుతుంది. తోట మీద చేసిన అప్పు కూడా అంతకాలం నడుస్తుంది. కాబట్టి వెనకటి మూడు నాలుగేళ్ల వానలూ కలపాలి.

2022 ఏప్రిల్లో జిల్లా చీలి హిందూపురం, కదిరి వైపు మండలాలు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. నీ టేబుల్లో ఆ ఏడాది కనిపించే పతనం కరువు కాదమ్మా, సరిహద్దు! పాత ఉమ్మడి జిల్లా 63 మండలాల పట్టిక నా దగ్గరుంది. దసరాకి వచ్చినప్పుడు తీసుకెళ్లు, ల్యాప్‌టాప్ మర్చిపోకు.

మీ మామయ్య