వరంగల్ కోటకు సొంత గైడ్‌ను పెట్టుకోవాలా?

డిసెంబరులో అమ్మానాన్నలతో రెండు రోజులు వరంగల్‌లో ఉంటామని, నడుస్తూ చూడటానికి ప్రత్యేకంగా ఒక గైడ్‌ను మాట్లాడుకుంటే ఆ డబ్బుకు ఫలితం ఉంటుందా అని అడిగారు. ముప్పై ఏళ్లకు పైగా హనుమకొండలో ఉంటున్నవాడిగా, వచ్చిన బంధువులందరినీ ఈ చోట్లకే తిప్పినవాడిగా నా మాట ఇది: కోటకు తప్పకుండా పెట్టుకోండి, నగరంలో మిగతా చోట్ల ఆ ఖర్చు అక్కరలేదు.

హనుమకొండలోని వేయిస్తంభాల గుడి ఇంకా గుడిగానే నిలిచి ఉంది. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ కట్టిన మూడు గర్భగుడులు, వాటికి ఉమ్మడి మండపం, ఎదుట నల్లరాతి నంది, కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనం, అన్నీ కళ్లెదుటే ఉంటాయి. నిదానంగా తిరిగితే ఎవరి సాయమూ లేకుండానే అర్థమవుతాయి. కోట సంగతి వేరు. అక్కడ నడిమధ్యన ఉండవలసిన స్వయంభూ శివాలయమే లేదు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యానికి చిక్కిన తరువాత అది నేలమట్టమైంది, ఆ ఆలయానికి నాలుగు దిక్కులా ఉన్న రాతి తోరణాలు మాత్రం మిగిలాయి. ఇప్పుడు లేనిదాన్ని మనసులో నిలబెట్టి చూపగలిగిన మనిషి పక్కన లేకపోతే, తోరణం ముందు నాలుగు ఫొటోలు దిగి పావుగంటలో బయటికి వచ్చేస్తారు.

నేను మొదటిసారి గైడ్‌ను పెట్టుకున్నది కరీంనగర్ నుంచి మా బావగారు వచ్చినప్పుడు. అక్కడే తారసపడిన ఒకాయనను రేటు అడగకుండా, సమయం మాట్లాడుకోకుండా వెంట తీసుకువెళ్లాను. మూడు గంటల్లో ఎనిమిది చోట్లు చూపిస్తానన్న ఆయన నిజంగానే చూపించాడు, కానీ ప్రతి చోటా దిగడమూ ఎక్కడమూ తప్ప నిలబడి చూసింది లేదు. కోటలోని ఖుష్ మహల్‌ను రుద్రమదేవి కొలువు చేసిన భవనమని చెప్పి, చివరకు ఒక దుకాణం ముందు ఆటో ఆపించి జంపఖానాలు కొనమన్నాడు. కొత్తవాడ జంపఖానాలు నిజంగా మంచివే, మా ఇంట్లోనూ రెండున్నాయి. కానీ గైడ్ వెంట వెళ్లి కొనవలసిన వస్తువు కాదు అది.

రెండోసారి, తెలిసిన ఉపాధ్యాయుని ద్వారా పడమరకోటలో పుట్టి పెరిగిన ఒక యువకుణ్ణి మాట్లాడుకున్నాను. రెండున్నర గంటలకు రూ.1,200 అని ముందే అనుకున్నాము. అతను మమ్మల్ని తోరణాల దగ్గరకు కాక మొదట మట్టికోట, అంటే బయటి మట్టిగోడ, బయటకు తీసుకువెళ్లి, అక్కడి నుంచి నడిపించుకుంటూ లోపలి రాతికోట ద్వారంలోకి తెచ్చాడు. దారి అక్కడ సూటిగా పోదు, వంకర తిరుగుతుంది. "గుర్రం మీద దూసుకొచ్చేవాడు ఇక్కడ ఆగి మలుపు తిరగాలె సార్, అప్పుడు వాని పక్క పైనున్నోళ్లకు దొరుకుతది" అన్నాడు. ఎన్నోసార్లు ఆ మలుపులో స్కూటర్ తిప్పిన నాకు అది ఎందుకుందో ఆనాటిదాకా తట్టలేదు. సున్నం లేకుండా ఒకదానిలో ఒకటి ఒదిగేలా పేర్చిన రాళ్లను తడిమి చూడమన్నాడు, గోడ లోపలివైపు సైనికులు పైకి పరుగెత్తడానికి వీలుగా పొడవునా సాగే మెట్లను చూపించాడు. ఆ తరువాత మధ్యకోటకు వచ్చి, తోరణాలలో దేవతామూర్తులు కనబడవని, హంసలు, పూమొగ్గలు, లతలే ఉన్నాయని చెప్పి, మూడోవంతు సమయం అక్కడే గడిపాడు. రాతికోట వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లే కాబట్టి ఇదంతా నడకతో అయ్యే పని. లోపల ఇళ్లూ బడులూ ఉన్న ఊరు గుండా నడవడం కూడా అందులో భాగమే.

మాట్లాడుకునే ముందు ఫోన్‌లోనే రెండు ప్రశ్నలు అడగండి. ఖుష్ మహల్ ఎవరి కాలానిదని అడిగితే, పైకి పోయేకొద్దీ లోపలికి వాలే గోడలు, వెడల్పాటి కమానులు ఢిల్లీ తుగ్లక్ సుల్తానుల పద్ధతివని, అది కాకతీయుల తరువాతి కట్టడమని చెప్పగలగాలి. కోహినూర్ భద్రకాళి అమ్మవారి కన్నుగా ఉండేదా అని అడిగితే, అది జనం చెప్పుకునే కథేనని ఒప్పుకోవాలి. కథ చెప్పడం తప్పు కాదు, నాకూ ఇష్టమే. కథను శాసనంతో సమానంగా చెప్పేవారితోనే ఇబ్బంది. పర్యాటక శాఖ గుర్తింపు కార్డు ఉంటే మంచిది, కానీ నేను చెప్పిన యువకుడి దగ్గర అది లేదు, కార్డు ఉన్న వారిలో అప్పజెప్పిన పాఠం చదివేవారినీ చూశాను.

బేరం చోట్ల లెక్కన కాక గంటల లెక్కన చేసుకోండి. తోరణాల ఆవరణ టికెట్టు, ఆటో కిరాయి అందులో కలిశాయో లేదో ముందే తేల్చుకోండి. హనుమకొండకూ కోటకూ మధ్య కొన్ని కిలోమీటర్ల దూరం ఉంది, పెద్దవారితో ఆ దూరం నడక పెట్టుకోవద్దు.

రెండో రోజు రామప్పకు వెళ్తే, అక్కడికక్కడే దొరికే గైడ్‌ను గంటసేపు పెట్టుకోవచ్చు. 1213 నాటి ఆ గుడి చూరు కింది మదనికలను, అంటే స్త్రీమూర్తుల శిల్పాలను, నీటిలో తేలేంత తేలికైన ఇటుకల సంగతిని విడమరచి చెప్పేవారుంటే బాగుంటుంది; 2021లో యునెస్కో జాబితాకెక్కిన తరువాత రద్దీ పెరిగింది కాబట్టి పొద్దున్నే చేరుకోండి.

నాన్నగారికి మోకాళ్ల నొప్పి అన్నారు కదా, గైడ్‌కు ఆ మాట ముందే చెప్పి కోటలోని ఏకశిల గుట్ట మెట్లు వదిలేయించండి. నడక పొద్దున ఏడింటికి మొదలుపెట్టి, మధ్యలో తోరణాల దగ్గర నీడలో అరగంట కూర్చునేలా మాట్లాడుకోండి. కూర్చున్న సమయానికి కూడా డబ్బు ఇస్తామని మీరే చెబితే ఏ గైడూ తొందరపెట్టడు.